లంగరు వేసిన నీరటి తాత

మంగళవారం పొద్దు పొడిచే వేళకు మా ఊరి నీరటి తాత మానుకోట దవాఖానలో కన్నుమూశాడు. ఆయన చేసిన పని మీద, ఆయన బతికుండగానే, తన పేరు చెక్కించుకున్నవాడు మా ఊరి పటేలు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టకుండా నా కలం ముందుకు కదలదు. చెరువు కట్ట మీద, నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి దగ్గర, సున్నం కొట్టిన దిమ్మెలో ఒక నల్లరాయి పాతి ఉంది. గాలిమర తెప్ప పటేలు గారి కృషి వల్ల వెలిసిందని ఆ రాయి చెబుతుంది. దాని కింద ఓవర్సీరు పేరు ఉంది, రాయిని ఆవిష్కరించిన పెద్దమనిషి పేరు ఉంది, ఆ రోజు షామియానా వేయించినవాడి పేరు కూడా ఉంది. తెప్పను చెరువు నడుమ కదలకుండా నిలబెట్టిన మనిషి పేరు మాత్రం లేదు.

నేను కూడా ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకో చివర చెబుతాను.

గూడూరు నుంచి అడవి పక్క దారి పట్టి వస్తే మా ఊరు. నీరటి అంటే ఎరగని పట్నం చదువరుల కోసం ఒక మాట చెప్పాలి. చెరువు తూము ఎత్తేదీ దించేదీ, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసేదీ నీరటి. ఆ పని తాతకు వాళ్ల నాయిన నుంచి వచ్చింది. తూము కట్టె చేతిలో ఉన్నంతకాలం ఆయన నీరటి. ఆ పని కింద వచ్చిన చిన్న మాన్యం భూమి తునక ఆయనది. కట్టె పోతే రెండూ పోతాయి. దీన్ని గుర్తు పెట్టుకోండి, కథంతా ఆ కట్టె చుట్టూ తిరుగుతుంది.

ఆయన ఏనాడూ చెప్పులు తొడగలేదు. నేను ఒకసారి మా నాయిన దుకాణంలోంచి టైరు చెప్పులు తెచ్చి ఇస్తే, కాదనకుండా తీసుకుని చంకలో పెట్టుకుని కట్ట పొడుగునా నడిచాడు. తొడుక్కో తాతా అంటే, "నా కాళ్లకు గంతలు కడ్తవా కితాబూ?" అన్నాడు. కితాబు అంటే నేనే. ఎప్పుడు చూసినా చేతిలో ఏదో ఒక కాగితం ఉంటుందని పెట్టిన పేరు. ఊళ్లో సగం మంది ఇప్పటికీ నన్ను అట్లాగే పిలుస్తారు.

గంతలని ఎందుకన్నాడో తర్వాత అర్థమైంది. చెరువు అడుగును ఆయన పాదంతో చూసేవాడు. మెడలోతు నీళ్లలో నడుస్తూ, వేళ్ల సందున మట్టిని పిసికి, ఇక్కడ జిగురు, ఇక్కడ మొరం, ఇదుగో ఇక్కడి నుంచి ఒండ్రు అని గట్టున కూర్చున్న నాకు కేకేసి చెప్పేవాడు. మూరల్లో కొలిచేవాడు, లోతైతే నిలువుల్లో. పొద్దున లేవగానే ముందు నోట్లోంచి వచ్చే మాట ఒకటే ఉండేది: "గాలి ఎటున్నది?" ఇంట్లో ఆయన భార్య, మా అందరికీ అవ్వ, కోపంగా ఉన్నా అదే అడిగేవాడు. గాలి ఆమె నోట్లోనే ఉందని అవ్వ జవాబు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడిచిన ఏడాది కాలేజీలు మూతపడ్డాయి. హనుమకొండలో లాఠీ దెబ్బ తిన్న భుజంతో, ఒక రేకు పెట్టె నిండా కరపత్రాలతో నేను ఊరికి తిరిగి వచ్చాను. ఊరికి వచ్చిన వారం రోజుల్లో అందరితో తగాదా పెట్టుకున్నాను. మా నాయిన ఉప్పు తూచే తరాజు మీద కూడా నాకు ఒక అభిప్రాయం ఉండేది. చెరువు గట్టున నా ఉపన్యాసం పూర్తిగా విన్న మొదటి మనిషి తాత. విని, చుట్ట ముట్టించి, అన్నీ బాగానే ఉన్నాయి గానీ చెలకల సంగతి ఏం రాశారని అడిగాడు. నా పెట్టెలో చెలకల సంగతి లేదు.

మా చెరువు నీళ్లు తూము గుండా దిగువకు పోతాయి. దిగువ పొలాల్లో ఎక్కువ పాలు పటేలువి. ఎదురుగా, చెరువు పై ఒడ్డున, మెరక మీద, చిన్న రైతుల చెలకలు, వాన మీదే బతికే మెట్ట చేలు. వాళ్ల కళ్ల ముందు చెరువు నిండుతుంది, వాళ్ల కళ్ల ముందే దిగువకు పారుతుంది, వాళ్ల మక్కచేను మాత్రం వానకోసం నోరు తెరిచి ఎండుతుంది. నలభై ఏళ్లు ఆ చెలకలవాళ్ల ముందు నుంచి నీళ్లు కిందికి వదిలిన చేయి తనదేనని తాత అన్నాడు. అది చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

జనగామ స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు కొన్న ఒక చిన్న పుస్తకం నా దగ్గర ఉండేది. గాలి గురించి. చివరి పేజీలు చినిగిపోయాయి. అందులో ఒకచోట, రేపు రేపు సముద్రం మీద తేలే గాలిమరలు వస్తాయని, అక్కడ గాలికి అడ్డం ఉండదని, వాటిని సముద్రం అడుగుకు లంగర్లతో కట్టివేస్తారని రాసి ఉంది. నేను సముద్రం చూడలేదు, తాత చూడలేదు, మా ఊళ్లో చూసినవాడే లేడు. ఆ పేజీ ఆయనకు చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నాడు. మూడోసారి చదివాక అడిగాడు.

"సముద్రం అడుగున ఏమున్నదట? ఒండ్రా, మొరమా?"

అది రాయలేదని చెప్పాను.

"గదే రాయకపోతె ఇగ ఏం రాసిండ్రురా?"

ఆ రోజు నాకు కోపం వచ్చింది. ఇంత పెద్ద ఆలోచన చెబితే ఈ ముసలాయన బురద గురించి అడుగుతాడేమిటి అనుకున్నాను. తప్పు నాది. పైన తిరిగే రెక్కల గురించి ఎవరైనా మాట్లాడతారు. అడుగు గురించి అడిగినవాడే తెప్పను నిలబెట్టాడు.

గాలిమరతో చెరువు నీళ్లు చెలకలకు ఎక్కించే పని మొదలైంది. కట్ట మీద గాలిమర పెట్టడానికి పటేలు ఒప్పుకోలేదు, పైగా కట్ట పొడుగునా గాలికి తాటిచెట్లు అడ్డం. చెరువు నడుమ గాలి ఉంది, మడుగులో ఎండాకాలం కూడా నీళ్లు ఉంటాయి, నీళ్లు తగ్గితే తెప్ప కూడా కిందికి దిగుతుంది. భూపాలపల్లి అడవి నుంచి బొంగులు వచ్చాయి. స్టేషన్ ఘన్‌పూర్‌లో మా నాయినకు తెలిసిన కిరోసిన్ వ్యాపారి తుప్పు పట్టిన ఖాళీ డ్రమ్ములు ఇచ్చాడు. మా దుకాణం గోనె సంచులు విప్పి గాలిమరకు నాలుగు రెక్కలు కుట్టాం. రెక్కలు తిరిగితే చేతిపంపు పిడి పైకీ కిందికీ ఆడాలి. పంపు తోడిన నీళ్లు నల్ల గొట్టంలో మెరక దాకా పోవాలి. ఆ గొట్టం మునగకుండా ఎండిన సొరబుర్రలు కట్టింది చెలకలవాళ్ల ఆడవాళ్లు. గాలిమర తిరిగింది, పంపు ఆడింది. తెప్పే ఒకచోట నిలవలేదు.

మొదట పాత గానుగ రాయిని మోకుతో కట్టి అడుగుకు వదిలాం. మధ్యాహ్నం గాలి లేచింది. గానుగ రాయి ఒండ్రు మీద, వెన్న మీద కత్తిలా, జారుకుంటూ వచ్చింది. తెప్ప వెళ్లి తూము స్తంభాన్ని గుద్దింది. స్తంభం ఒరిగిపోయింది. పటేలు ఆ సాయంత్రమే చావడిలో ఊరిని కూర్చోబెట్టాడు. నేను లేచి అరవబోతే తాత నా చొక్కా పట్టి కిందికి లాగాడు. పటేలు నెమ్మదిగానే మాట్లాడాడు, పెద్దగా మాట్లాడే అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు. తెప్పను ఈసారి నిలబెడితే తన ఎడ్లతో గుంజి చూస్తానన్నాడు. కదిలిందంటే, "నీరటీ, తూము కట్టె నా ఇంట్ల వెట్టి పో. మాన్యం సంగతి మల్ల మాట్లాడుదం" అన్నాడు.

తాత సరేనన్నాడు. అంతే. బయటికి వచ్చాక, నలభై ఏళ్ల పనిని పందెం పెడతావా అని నేనే ఆయన మీద పడ్డాను. ఎడ్లు నాలుగా ఆరా అడగడం మరిచిపోయానని ఆయన బాధపడ్డాడు.

రెండోసారి పుస్తకంలో బొమ్మ చూసి కమ్మరి చేత కొక్కెం చేయించాను. అసలు ఓడల లంగరు అట్లాగే ఉంటుందని గంటసేపు వాదించాను. అది నాలుగు బారల తామర తీగలను పీక్కుని వచ్చింది, అడుగును మాత్రం పట్టలేదు. తాత ఆ తీగల్లోంచి తామర దుంపలు ఏరి, కూరకు పనికొస్తాయని అవ్వకు ఇచ్చాడు.

చెరువు గుట్టు విప్పింది అవ్వే. ఈ మాట ఏ రాయి మీదా లేదు కాబట్టి ఇక్కడ గట్టిగా రాస్తున్నాను. ఒకరోజు పొద్దున ఆమె రేవులో ఇత్తడి కాగు తోముతుంటే అది చేయి జారి బోర్లాపడింది. పట్టుకోబోయి దాని మీదే కాలు వేసింది. కాగు ఒండ్రులో మెడదాకా దిగిపోయింది. ఎంత గుంజినా రాదు. తాత నవ్వుతూ వెళ్లి గుంజాడు, రాలేదు. నన్ను పిలిచాడు. ఇద్దరం చెరో పక్క పట్టుకుని నడుములు పడిపోయేలా గుంజాం. అవ్వ గట్టు మీద చేతులు నడుముకు పెట్టుకుని చూసింది.

"పక్కకు వంచుండ్రి మొద్దులారా. గాలి సొరనియ్యుండ్రి."

వంచాం. బుడుక్కుమని ఒక చప్పుడు చేసి కాగు పసిపిల్ల లేచినంత తేలిగ్గా లేచి వచ్చింది. అవ్వ దాన్ని తీసుకుని ఇంటికి పోయింది. తాత రాలేదు. ఆ నీళ్లలోనే మోకాళ్ల మీద కూర్చుని, కాగు దిగిన గుంతను చేత్తో లోపలంతా తడిమాడు. చివరికి, నిలువుగా గుంజితే ఎందుకు రాలేదో చెప్పు అని నన్ను అడిగాడు. నా కితాబుల్లో జవాబు దొరికింది, ఒప్పుకుంటాను: లోపల గాలి లేదు, పైనున్న నీళ్ల బరువూ ఆకాశం బరువూ దాన్ని తొక్కి పెట్టాయి. తాత తల ఊపాడు. "అంటె చెరువే పట్టుకున్నది. మనం రాళ్లు మోసి సచ్చినం."

తర్వాతి పని రెండు వారాలు పట్టింది. ఒక డ్రమ్ముకు అడుగు రేకు కోయించాం. బోర్లించి మడుగులోకి దించాం. తాత మునిగి దాని అంచును ఒండ్రు మీద సమంగా కూర్చోబెట్టాడు. ఏ జాగాలో కూర్చోబెట్టాలో ఆయన పాదం మూడు రోజులు వెతికింది. పైన ఒండ్రు మెత్తగా ఉండాలి, లోపల జిగురు ఉండాలి, గులకల మొరం ఉండకూడదు. డ్రమ్ము నెత్తిన రంధ్రానికి మన గాలిమర చేతిపంపు గొట్టమే తగిలించాం. పంపు కొట్టాం. డ్రమ్ములోని నీళ్లు పైకి వస్తున్న కొద్దీ డ్రమ్ము కిందికి పోయింది. ఎవరూ దాన్ని కొట్టలేదు, ఎవరూ తొక్కలేదు. చెరువు తన బరువుతో తానే తొక్కుకుంది. నెత్తి దాకా దిగాక రంధ్రానికి తుమ్మకర్ర బిరడా కొట్టి, పక్కకు ముందే బిగించిన గొలుసుకు మోకు కట్టి, తాత పైకి వచ్చి ఊపిరి పీల్చుకున్నాడు. పటేలుకు కబురు పంపమన్నాడు, ఆదివారం ఎడ్లను తోలుకు రమ్మని.

ఇక నేను చేసిన తప్పు. పటేలు తర్వాత మాట మార్చకుండా పది ఊళ్ల సాక్ష్యం ఉండాలని నాకు తోచింది. చేతిరాతతో కాగితాలు రాశాను. "ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు మా చెరువులో లంగరు. అందరూ రావలెను." గూడూరు బస్సు ఆగే చోట అంటించాను, మరిపెడ సంతకు పోయేవాళ్ల చేతికిచ్చాను, మా దుకాణం తలుపుకు ఒకటి.

ఆదివారం పొద్దున జనం వచ్చారు. కట్ట పట్టనంత వచ్చారు. ప్రతి ఒక్కరి చేతిలో ఒక పళ్లెం. సత్తు గిన్నెలు, కంచు తలెలు, మోదుగాకు విస్తళ్లు. ఒకాయన మనవళ్ల కోసమని మూడంతస్తుల టిఫిను డబ్బా పట్టుకుని వచ్చాడు. మా చుట్టుపక్కల దర్గా ఉర్సుకు వచ్చినవాళ్లందరికీ పెట్టే అన్నాన్నే లంగరు అంటారు. ఇనప లంగరు సంగతి నాకు పుస్తకం చెబితే తెలిసింది, వాళ్లకు ఎవరు చెప్పారు? మా నాయిన నన్ను పక్కకు పిలిచి, నీ విప్లవం ఏమోగానీ ఇంతమందికి బియ్యం ఎక్కడివిరా అన్నాడు. నాకు చెరువులో దూకాలనిపించింది. వచ్చినవాళ్ల మీదే కోపం వచ్చి, ఇది అన్నం లంగరు కాదు, ఇంటికి పొండ్రి అని కేకలు వేశాను.

తాత నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నాడు.

"పిలిచినవ్, వచ్చిండ్రు. ఉత్తగ పంపుతమా? నువ్వు జర నోర్మూసుకో."

అవ్వ ఇంట్లో ఉన్న జొన్నరవ్వ అంతా గటకకని ఆ ఇత్తడి కాగులోనే పొయ్యి మీదికెక్కింది. ఆ కాగే. చెలకలవాళ్లు తలా ఇంత తెచ్చి అందులో పోశారు. మా నాయిన సణుగుతూనే చింతపండూ ఉప్పూ బస్తాలతో పంపాడు. ఉడికే లోపల పళ్లేలన్నీ కట్ట మీద వరుసగా పెట్టించి, తినే ముందు అందరూ ఒక పట్టు పట్టాలని తాత చెప్పాడు. మోకు కొసను జనం చేతికిచ్చాడు. గుంజమన్నాడు.

గుంజారు. ఆడా మగా, ముసలీ ముతకా. ఎవరెవరు ఎవరింటి నీళ్లు తాగరో ఆ లెక్క మరిచి ఒకే మోకు పట్టుకున్నారు. లోపలిది కదలలేదు. అప్పుడు పటేలు, జనం పట్టు వదలని ఆ మోకు కొసకే తన రెండు జతల ఎడ్లను కట్టించాడు. ఎడ్లవాడు అదిలించాడు. మోకు నీళ్లలోంచి లేచి బిగుసుకుని, నీటి చుక్కలు చిమ్మింది. ఎడ్ల గిట్టలు కట్ట మట్టిలో దిగాయి. నేను పటేలు ముఖం చూస్తున్నాను. తాత మాత్రం తూము కట్టెను రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని, ఒక పాదం నీళ్లలో పెట్టి నిలబడ్డాడు. ఆ పాదానికి ఏం తెలుస్తోందో నాకు తెలియదు. ఆ నిమిషంలో ఆయన పెదవులు తెల్లబారడం చూశాను. పందెం ఎంత పెద్దదో ఆయనకు తెలియక కాదని అప్పుడు అర్థమైంది.

మోకు టప్పున తెగింది.

ఎడ్లు ముందుకు తూలాయి. వెనక మోకు పట్టుకున్న జనమంతా ఒకరి మీద ఒకరు వెల్లకిలా పళ్లేల వరుస మీద పడ్డారు. ఆ చప్పుడు గూడూరు దాకా వినిపించి ఉంటుంది. అంత మంది గుంజి, అంత మంది ఓడిపోయి, అంత సంతోషపడటం నేను మళ్లీ చూడలేదు. చెరువు గెలిచింది. టిఫిను డబ్బా ఆయన సొట్టపోయిన మూత పట్టుకుని, ఇది లంగరు పెట్టిన సొట్ట అని అందరికీ చూపించాడు. ఇప్పటికీ దాన్ని సరిచేయించలేదట.

పటేలు ఎడ్లను విప్పించి తోలుకుపోయాడు. తాత తూము కట్టెను భుజాన వేసుకుని గటక వడ్డించడానికి కూర్చున్నాడు. ఆ రోజు ప్రతి పళ్లెంలోనూ పెట్టిన చేయి ఆయనదే.

తెప్పను లంగరుకు కట్టాం. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం వడగండ్ల గాలి వచ్చి ఊళ్లో తాటాకు కప్పులన్నీ లేపేసింది. మా దుకాణం రేకు ఒకటి ఎగిరి పక్కవాళ్ల జామచెట్టులో తేలింది. గాలిమర రెక్కల గోనెపట్ట పేలికలైంది. గాలి తగ్గాక చెరువు దగ్గరికి పరుగెత్తాం. తెప్ప ఉన్నచోటే ఉంది, అటో మూర ఇటో మూర ఊగుతూ, కట్టేసిన బర్రె మేత నెమరేసినట్టు. కొత్త రెక్కలు కుట్టిన నాలుగో రోజున సొరబుర్రల గొట్టంలోంచి మెరక మీద మొదటి నీళ్లు పడ్డాయి. చెలకలవాళ్లలో ఒక ముసలమ్మ ఆ నీళ్లు తాగలేదు, నెత్తిన చల్లుకోలేదు; గొట్టం మూతికి అరచేయి అడ్డంపెట్టి, ఇటు రావడానికి ఇంతకాలం పట్టిందా అని దాన్ని తిట్టింది. తాత అంత దూరం నుంచే ఆ తిట్లను విన్నాడు. అవి తనకే తగలాలి అన్నాడు. ఆ పొద్దు ఆయన ముఖంలో ఉన్న వెలుగు గురించి నేను రాయగలిగితే ఇంకేమీ రాయనక్కర్లేదు.

మూడు యాసంగి పంటలు గడిచాయి. తెప్ప ఇంకా అక్కడే ఉంది.

తర్వాత ఓవర్సీరు వచ్చాడు. సముద్రం పక్కనుంచి వచ్చిన ఉద్యోగి. పళ్లేల కథ ఆయనదాకా చేరింది. కట్ట మీద పటేలు వేయించిన కుర్చీలో కూర్చుని, "లంగరంటే అన్నమనుకున్నారటగా మీవాళ్లు! మావైపు పసిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడయ్యా" అని పకపకా నవ్వాడు. పటేలు కూడా నవ్వాడు. ఉద్యమంలో తిన్న దెబ్బ మళ్లీ భుజంలో లేచింది. తాత వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"మంచిది సారూ. మీ సముద్రం అడుగున ఏమున్నది? ఒండ్రా, ఇసుకా, మొరమా?"

"నాకేం తెలుసు?"

"మల్ల లంగరు ఎట్లేస్తరు సారూ?"

ఓవర్సీరు నవ్వు ఆగింది. చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, నీళ్లలోకి దిగి, ఆ డ్రమ్ము ఎట్లా దిగిందో గంటసేపు అడిగి తెలుసుకున్నాడు. అంతవరకు బాగానే చేశాడు. కానీ పైకి పంపిన కాగితంలో తాత మాట రాలేదు, పటేలు మాట వచ్చింది. ఆ కాగితం వెంట రాయి వచ్చింది.

రాయి పాతిన మర్నాడు నేను సుత్తి పట్టుకుని బయలుదేరాను. తాత మత్తడి దగ్గర ఎదురై సుత్తి అడిగి తీసుకున్నాడు, తన చంకలో పెట్టుకున్నాడు, అప్పుడు నేనిచ్చిన చెప్పుల్లాగే.

"గా రాయి దేన్ని ఆపుతది కితాబూ? తెప్పనైతె ఆపలే. నిన్నెందుకు ఆపుతున్నది?"

రాయి మీద నా కోపం పోలేదు, పోనివ్వను కూడా. కానీ ఆ రోజు నుంచి సుత్తి పట్టుకోలేదు. ఆయనతో కలిసి రెండో తెప్పకు బొంగులు కోయడం మొదలుపెట్టాను. అది చెరువుకు పైకొసన ఉన్న తండావాళ్ల చెలకలకు. పోయిన నెల తాత మళ్లీ మెడలోతు నీళ్లలో తిరిగాడు. అప్పటికే జ్వరం వచ్చి పోతోంది. వద్దన్నా వినలేదు. జాగా దొరికాక ఒక వెదురు బొంగు పాతి, దాని కొసన అవ్వ పాత ఎర్రచీర పీలిక కట్టి వచ్చాడు. దవాఖానలో సోమవారం నన్ను చూడగానే ఆయన అడిగిన మాట మీకు తెలిసిందే. గాలి పడమట ఉందని చెప్పాను. మంచిదే అన్నాడు. ఇంకోసారి సముద్రం పేజీ చదవమన్నాడు. పుస్తకం తేలేదు, నోటికొచ్చినంత చెప్పాను. వాళ్లు సముద్రం మీద వేశారా ఇంకా అని అడిగాడు. నేను విన్నంతలో ఇంకా లేదు అన్నాను. "మనం ఏసినం" అన్నాడు.

ఆయన శవం ఇంట్లో ఉండగానే పటేలు మనిషి వచ్చి తూము కట్టె అడిగాడు. చెరువు అడుగు తెలిసినవాడు పోయాడు కాబట్టి రెండో తెప్ప మాట మరిచిపొమ్మని పటేలు కబురు కూడా చెప్పాడు. అవ్వ లేవలేదు. కూర్చున్నచోటి నుంచే అంది.

"కట్టె ఊరిది. ఊరు అడిగితె ఇస్త. పటేలును ఊరితోని కలిసి రమ్మను."

అందుకే ఈ కాగితం రాస్తున్నాను. ఊరు కలిసి రావాలి. రెండో డ్రమ్ము సిద్ధంగా ఉంది. దాని నెత్తి మీద కమ్మరి ఉలితో తాత పేరు చెక్కాడు, ఇంటి పేరుతో సహా, లోతుగా. నేను ఇక్కడ రాయని పేరు అదే. అచ్చులో చూసి పక్కన పెట్టడానికి కాదు అది. వచ్చి, వేలితో తడిమి చదవాలి. ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు ఆ డ్రమ్ము చెరువు కట్ట మీద, ఆ నల్లరాయికి ఎదురుగా, అందరికీ కనబడేలా ఉంటుంది. చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు చదివి వినిపించాలి. పది గంటలకు అది నీళ్లలోకి దిగుతుంది. పంపు మొదటి పిడి అవ్వ కొడుతుంది. ఆ తర్వాత ఆ పేరు ఒండ్రు కింద ఉంటుంది, చెరువు దాన్ని పట్టుకుంటుంది, ఏ ఎడ్లూ పీకలేవు.

గూడూరు వాళ్లు, మరిపెడ వాళ్లు, తండా వాళ్లు, మొదటిసారి మోకు పట్టి పడిపోయిన వాళ్లు, అందరూ రండి. ఆదివారం, తొమ్మిది గంటలు, లంగరు. ఈసారి నేను తప్పు రాయలేదు. ఇత్తడి కాగు పొయ్యి మీద ఉంటుంది. పళ్లేలు తెచ్చుకోండి.

ఈ పొద్దున చెరువుకు పోయి వచ్చాను. గాలి పడమట నుంచే ఉంది. చెరువు పైకొసన నీళ్లలో ఆ బొంగు ఒక్కటే నిలబడి ఉంది, కొసన ఎర్ర పీలిక తండా వైపు చేయి చాపినట్టు ఎగురుతోంది.